తూము బండ మీది నీడ

1947 మార్చి 27, గురువారం, పొద్దున పదిన్నర. అది మొదలైన వేళ అదే. ఉగాది వెళ్ళి ఇంకా వారం కాలేదు. కోదాడకు రెండు కోసుల దూరంలో, చిలుకూరు దారిలో ఉన్న మా ఊరి చెరువు కట్ట మీద, తూము పక్కనున్న నాపరాయి బండ ముందు నేను గొంతుక్కూర్చుని ఉన్నాను. నా వయసు అప్పటికి పదకొండేళ్ళ రెండు నెలలు. గంట ఎంతైందో నాకెలా తెలుసని ఎవరైనా అడగవచ్చు. బండ మీది మొదటి గీత పదిన్నరకు సరిపోతుందని మా తాత గొలుసు గడియారంతో అంతకు ముందు రోజే పోల్చి చూశాను. పోల్చి చూడనిదే ఏదీ నమ్మని అలవాటు నాకు అప్పటికే ఉంది.

ఆ బండను మళ్ళీ చూస్తాననుకోలేదు. పోయిన మాఘంలో ఒక పెళ్ళికని ఊరికి వెళ్ళాను. పెళ్ళివారింటి పెరట్లో కాళ్ళు కడుక్కోబోతే, ఒక కోడలుపిల్ల బట్టలు ఉతుకుతున్న రాయి మీద రెండు గీతలు కనిపించాయి. సబ్బు నురగ పక్కకు తోసి వేలితో తడిమాను. గీతల మధ్య నా మూరెడు కన్నా నాలుగు వేళ్ళు తక్కువ. తలదగ్గర కర్ర పాతే గుంట కూడా ఉంది, అందులో సబ్బుముక్క పెట్టుకున్నది. ఏమిటమ్మమ్మా అంటే ఏమీ లేదన్నాను. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. పేపరు చదువుతూ లేచి వరండాలోకి వెళ్తాను, ఎందుకు వచ్చానో తెలియక తిరిగి వస్తాను. ఎనభై ఏడేళ్ళ మోకాళ్ళకు అది మంచిది కాదని డాక్టరు చెప్పాడు.

బండ సంగతి ముందు చెప్పాలి. యాసంగి పంట వేళ చెరువు నీళ్ళు దిగిపోయాక తూము కింది పొలాలకు వంతుల వారీగా నీళ్ళు వదిలేవారు. నీళ్ళు తిప్పేవాడు నీరటి. మా నీరటి పేరు సైదులు. తండ్రి తరవాత అతను, ఆ పనికి ఎకరం మాన్యం. వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చెప్పేది మాత్రం బండ. దాని తలదగ్గర రెండు మూరల తుమ్మ కర్ర పాతి ఉండేది. పొద్దెక్కేకొద్దీ కర్ర నీడ కురచబడుతూ వెనక్కి వచ్చి, నీడ కొస మొదటి గీతను తాకితే ఒకరి వంతు, రెండో గీతను తాకితే తరవాతివారి వంతు అయిపోయినట్టు. ఒకప్పుడు తాత తన గడియారం ఇస్తానంటే రైతులు వద్దన్నారట. గడియారం ఒకరి జేబులో ఉంటది, నీడ అందరిది అన్నారట. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. నీడ దగ్గర కూర్చునేది పన్నెండేళ్ళ లోపు పిల్లలే కావాలి. పెద్దవాళ్ళకు పొలాలుంటాయి, పిల్లలకు ఉండవని దాని అర్థం. నీడ తాకగానే పిల్ల కేక వేయాలి, రెండువందల అడుగుల కింద కాలువ చీలిక దగ్గర సైదులు పారతో మట్టి తీసి నీళ్ళు మళ్ళించాలి. ఆ ఏడు ఆ పనికి నన్ను పెట్టారు. ఊళ్ళో ఆడపిల్లల్లో ఎక్కాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ గురువారం పొద్దున మా ఇల్లు ఎట్లా ఉందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నాయనమ్మ పొయ్యి మీద జొన్న గటుక కలుపుతున్నది. పిడకల పొగ దూలాలకు పట్టి, వాటికి వేలాడదీసిన ఉల్లిగడ్డల వాసనతో కలిసిపోయింది. తాత అరుగు మీద కూర్చుని గడియారానికి చావి ఇస్తున్నాడు. ఆయన ఎప్పుడూ పదహారు చుట్లే తిప్పేవాడు, పదిహేడోది తిప్పితే స్ప్రింగు తెగుతుందని భయం. అమ్మ నా మూడో ఏట పోయింది, నాన్న మిర్యాలగూడలో బియ్యం మిల్లు గుమాస్తా. కాబట్టి ఇంట్లో నన్ను మెచ్చుకునే మనిషి తాత ఒక్కడే, ఆ మెప్పు కోసం నేను ఏదో ఒక లెక్క చెబుతూనే ఉండేదాన్ని. ఆ రోజు గటుక తింటూ చెప్పాను. మన మడులు తొమ్మిది, నీడ గీతకు వచ్చేలోపే తొమ్మిదీ నిండుతాయి, ఇంకా చిటికెడు పొద్దు మిగులుతుంది అని. తాత నాయనమ్మ వైపు తిరిగి, ‘ఇన్నవా? దీని లెక్క తప్పదు’ అన్నాడు. నాయనమ్మ, గటుక చల్లారుతుంది ముందు తినమనండి అన్నది.

నా లెక్క తప్పింది. పోయిన వంతుకు మడి నిండటానికి పట్టిన సేపును బట్టి నేను లెక్క కట్టాను. ఆ ఎనిమిది రోజుల్లో చెరువు జానెడు దిగిందని, దిగిన చెరువు నుంచి నీళ్ళు మెల్లగా పారుతాయని ఆలోచించలేదు. పదిన్నరకు నీడ గీత దగ్గరకు వచ్చేసింది. కట్ట మీద నుంచి చూస్తే ఎనిమిదో మడి సగమే మెరుస్తున్నది, తొమ్మిదోది పొడిగా ఉంది. తరవాతి వంతు పుల్లమ్మది. మొగుడు పోయి నాలుగేళ్ళు, కాలువ చివర ముప్పై గుంటల వరి, అది ఇంకా వెన్ను తీయక పొట్ట మీద ఉంది. నీళ్ళు ఆమె మడులకు చేరడానికే అరగంట పట్టేది.

తాత పొలం ఎండుతుందని నేను భయపడలేదు. ఒక్క మడి పొడిగా ఉంటే మాకు పోయేదేమీ లేదు, మాకు వేరే బావి ఉంది. నన్ను ఎవరూ చేయమనలేదు, ఎవరూ బెదిరించలేదు. ఇంటికి వెళ్ళి తొమ్మిదో మడి నిండలేదని చెప్పాల్సి వస్తుందని, తాత ముఖం ఒక్క క్షణం మారుతుందని, అంతే. లేచి కర్ర మొదట్లో మట్టి వేళ్ళతో తవ్వి, కర్రను పడమటికి వంచి, మట్టి తిరిగి నొక్కాను. జానెడుకు రెండు వేళ్ళు తక్కువ వంగింది. నీడ కొస గీతకు అంత దూరం జరిగిపోయింది. అది మళ్ళీ గీతను చేరడానికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటలో తొమ్మిదో మడి నిండింది. అప్పుడు నిలబడి కేక వేశాను.

సైదులు కట్ట ఎక్కి వచ్చాడు. రోజూ పొద్దున దారానికి రాయి కట్టి వేలాడదీసి కర్ర నిలువు చూసేది అతనే. కర్రను చూశాడు, నన్ను చూశాడు. కర్రను నిలబెట్టి మడమతో మట్టి తొక్కాడు. ఎండెక్కింది, ఇంటికి పొమ్మన్నాడు. నేను పరుగెత్తాను. తాత నిజంగానే మెచ్చుకున్నాడు, బెల్లం ముక్క పెట్టాడు. దాన్ని నోట్లో ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు తిప్పుతూనే ఉన్నాను, మింగబుద్ధి కాలేదు. పొద్దు మూకే దాకా వాకిట్లో అటూ ఇటూ తిరిగాను.

పద్దెనిమిది రోజుల తరవాత చావడిలో పంచాయితీ పెట్టారు. పుల్లమ్మ వరి పొట్టలోనే ఎండి తాలుపోయింది. నీరటి పెద్దింటివాళ్ళ దిక్కు నీళ్ళు తిప్పాడని ఆమె నలుగురిలో అన్నది. సైదులు, పుల్లమ్మ కాక చావడిలో ఉన్నవాళ్ళు నలభై ఒక్కరు. ఎందుకు లెక్కపెట్టానంటే, కళ్ళెత్తి ఎవరినీ చూడలేక కాళ్ళు లెక్కపెట్టాను, ఎనభై రెండు. పటేలు నన్ను పిలిచి నీడ గీత మీద ఎప్పుడు పడ్డదో చెప్పమన్నాడు. ‘నీడ గీతను తాకినంకనే పిలిచిన’ అన్నాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఆ మాట కోసం నేను ముందు రోజంతా వెతికాను, ఏడెనిమిది రకాలుగా మార్చి చూసుకున్నాను. అబద్ధం ఆడకుండా తప్పించుకునే మాట దొరికినందుకు నాకు గర్వంగా కూడా ఉంది. అది రాయకపోతే మిగతాది రాసి ఉపయోగం లేదు.

తాత, నా మనుమరాలి లెక్క తప్పదని అందరికీ వినపడేలా అన్నాడు. సైదులును అడిగితే, ‘కర్ర నిలువు సూసుడు నా పని. సూడనిది నేను’ అన్నాడు. పని తీసేశారు, మాన్యం కొత్త నీరటికి పోయింది. వారం తిరగకముందే అతను భార్యను తీసుకుని మిర్యాలగూడ వెళ్ళాడు.

జూన్‌లో నన్ను సూర్యాపేటలో మేనత్త ఇంట్లో ఉంచి ఆడపిల్లల బడిలో వేశారు. అక్కడ శుక్రవారం సెలవు, పలక మీద ఉర్దూ కుడి నుంచి ఎడమకు. ఊరు మారితే మనసు మారుతుందనుకున్నాను. జూలై నడుమ ఒక పొద్దున బడికి పోయే సందు మలుపులో వేయించిన పల్లీల గంప ముందు పుల్లమ్మ కూర్చుని ఉంది. పొలం కౌలుకిచ్చి, సూర్యాపేటలో ఉన్న చెల్లెలి ఇంటికి వచ్చేసింది. నేను వెనక్కి తిరిగి, బజారు చుట్టి, కుమ్మరి ఇళ్ళ వెనక నుంచి బడికి చేరాను. సందు గుండా ఇంటి నుంచి బడికి రెండువందల ముప్పై అడుగులు. చుట్టు దారిన ఏడువందల పది. రోజూ పోనూ రానూ అదే దారి. అత్త అడిగితే సందులో కుక్కలున్నాయన్నాను. బడిలో కూర్చున్నా కాళ్ళు బెంచీ కింద ఊగుతూ ఉండేవి, పంతులమ్మ కొట్టేది. రాత్రి అన్నం ముందు కూర్చుంటే పల్లీల వాసన వచ్చేది, ఇంట్లో పల్లీలు లేకపోయినా. నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. చిన్నపిల్లనని, గాలికైనా వంగేదని, ముప్పావు గంటకే పంట పోతుందా అని. ప్రతి జవాబూ ఒక రోజు పనిచేసేది. మర్నాటికి ఇంకొకటి కావలసివచ్చేది.

మరుసటి జనవరిలో నాన్నకు జ్వరమని కబురు వస్తే అత్త నన్ను తీసుకుని బొగ్గుతో నడిచే బస్సులో మిర్యాలగూడ వెళ్ళింది. నాన్నకు మిల్లులోనే గది. మూడో రోజు ఆయన కాస్త కుదుటపడ్డాక నేను మిల్లు ఆవరణలోకి వచ్చాను. తౌడు దుమ్ము, ఉడికిన వడ్ల వాసన, గోనె సంచుల వరస. ఆ వరస చివర నీడలో కూర్చుని దబ్బనంతో సంచి మూతి కుడుతున్నది సైదులు. జుట్టంతా తౌడు. నేను ఏం ఆలోచించుకున్నానో గుర్తులేదు, దగ్గరకు వెళ్ళి, ‘మామా, కర్ర నేనే వంచిన’ అన్నాను.

అతను దబ్బనం ఆపలేదు. ‘నాకు తెల్వదా? గా దినమే తెలుసు. కర్ర మొదట్ల మట్టి మీద నీ ఏళ్ళ గుర్తులున్నయ్.’

‘మరి చావడిల ఎందుకు చెప్పలె?’

‘వంగిన కర్రను నిలబెట్టినంక నేను పుల్లమ్మ కాడికి పోవాలె. గింత పొద్దు తక్కువైంది, ఎనుక వంతుల కెల్లి ఇప్పిస్త అనాలె. మీ తాతతోని లొల్లి ఎందుకని ఊకున్న. గది నా తప్పు. నా తప్పుకు నేను పోయిన, బిడ్డా. నీ తప్పుకు నేను పోలె. నీది నీ కాడనే ఉన్నది.’

తిట్టినా, పోనీలే అన్నా నేను సిద్ధంగానే ఉన్నాను. ఈ మాటకు మాత్రం లేను. తొమ్మిది నెలలుగా అతను నా కోసం శిక్ష అనుభవించాడని ఏడ్చుకునేదాన్ని, ఆ ఏడుపులో కొంత హాయి కూడా ఉండేది. అతను ఆ హాయిని తీసేశాడు. దారం కొరికి, సంచి పక్కకు దొర్లించి, ‘లెక్క తప్పితే తప్పిందనాలె. నీళ్ళకేం కోపం రాదు’ అన్నాడు. తరవాత నాన్న జ్వరం ఎట్లా ఉందని అడిగాడు. పుల్లమ్మ సూర్యాపేటలోనే ఉన్నదట కదా అని కూడా అన్నాడు, నాకు తెలియనట్టు.

సూర్యాపేటకు తిరిగి వచ్చిన మర్నాడు సందులోకి నడిచాను. గంప దగ్గరకు నూట ఇరవై అడుగులు. పుల్లమ్మ నన్ను చూసి, నా పేరుకు దొరసాని తగిలించి, ‘అండాలు దొరసానికి ఇన్నొద్దులకు దారి దొరికిందా?’ అన్నది. నేను నిలబడే చెప్పాను. లెక్క సంగతి, కర్ర సంగతి, చావడిలో అన్న మాట ముందు రోజంతా వెతికి పెట్టుకున్న సంగతి. మధ్యలో ఒక మనిషి పల్లీలకు వచ్చాడు. ఆమె సోలతో కొలిచి, కొసరు వేసి, అతన్ని పంపి, నన్ను చెప్పమన్నది. అయిపోయాక గంపలో పొట్టు ఊది అడిగింది.

‘చెప్పినవ్. నా మడి పచ్చగైతదా?’

‘కాదు.’

‘కాదు గద. గట్లనే అను. ఏడ్వకు, నువ్వేడిస్తే నేను ఊకుంచాలె, నాకు గిరాకున్నది.’

నేను ముక్కు తుడుచుకున్నాను. ఆమె సైదులును అన్న మాట ఊరంతా విన్నదని, ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే ముందు నేను ఊళ్ళో చెప్పాలని అన్నది. పల్లీలు ఇవ్వలేదు, దగ్గరకు తీసుకోలేదు. నేను బడి వైపు కదిలాక వెనక నుంచి, ‘ఇగ రేపటి సంది గీ సందులకెల్లే పో. దసరా ముందు సంది సూస్తున్న, సుట్టు తిరిగి సుట్టు తిరిగి కాళ్ళు అరుగుతున్నయ్’ అన్నది.

ఆ పొద్దున బడి దాకా మిగిలిన నూట పది అడుగులు నేను లెక్కపెట్టలేదు. తరవాత కొలిచి రాసుకున్నది అది. మనసు తేలికపడిందని చెప్పలేను. ఆ రోజు బెంచీ కింద కాళ్ళు మాత్రం ఊగలేదు.

మేలో ఊరికి వెళ్ళాను. ఊరు సగం ఖాళీ. పటేలుతో సహా కలిగినవాళ్ళు చాలామంది గొడవల భయానికి సరిహద్దు దాటి అవతలి జిల్లాకు వెళ్ళిపోయారు. తాతకు ముందు చెప్పాను. గడియారానికి చావి ఇస్తున్నవాడు ఆగి, ‘ఒడిసిన పంచాయితీ. ఎవలడుగుతున్నరు నిన్ను?’ అన్నాడు. ఆ రోజు ఎన్ని చుట్లు తిప్పాడో ఆయనకే తెలియలేదు, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాడు. మర్నాడు ఉన్న మగవాళ్ళంతా కాలువ పూడిక తీస్తుంటే గట్టు మీద నిలబడి చెప్పాను. పారలు ఆగాయి. ఒక ముసలాయన నా వెనక్కి చూసి, ‘దీని లెక్క తప్పదంటివి గదనే’ అన్నాడు. తిరిగి చూస్తే తాత ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి, ‘తప్పింది. తొమ్మిదో మడి ఎట్ల నిండిందని నేను గూడ అడగలె’ అని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆయన బతికిన ఆరేళ్ళలో నన్ను పదిమందిలో పొగడలేదు. నాతో మునుపటి కన్నా ఎక్కువ మాట్లాడాడు.

సైదులుకు కబురు పంపారు, రాలేదు. మిల్లులో పొద్దు సంగతి సైరను కూత చూసుకుంటుంది, కర్ర చూసే పని తనకిక వద్దన్నాడట. పుల్లమ్మ తన మాట వెనక్కి తీసుకోవడానికి మిర్యాలగూడ దాకా వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. సెప్టెంబరులో రాజ్యం మారింది, బడిలో రాత ఎడమ నుంచి కుడికి వచ్చింది. తరవాత ముప్పై మూడేళ్ళు నేను లెక్కల టీచరుగా పనిచేశాను. బోర్డు మీద నాది తప్పితే, తప్పింది అని పిల్లల వైపు తిరిగి చెప్పి తుడిచేదాన్ని. నా పక్క క్లాసు టీచరు అట్లా అయితే పిల్లలకు భయం పోతుందనేవాడు. పోతే పోనీ అనేదాన్ని.

ఇప్పుడు ఆ తూముకు ఇనప తలుపు, దానికి చక్రం. పొలానికొక బోరు, ఎవరి మోటారు వారిది, నీడ చూసేవాళ్ళు అక్కర్లేదు. పెళ్ళివారింట్లో ఒక పిల్ల ఫోనులో సెకన్లతో సహా టైము చూపించింది. ముప్పావు గంట అబద్ధం ఆడాలంటే ఇప్పుడు చాలా కష్టం, వేరే అబద్ధాలకు లోటు లేదు. నేను ఆ రోజుల్ని మంచివనటం లేదు. ఒక పిల్లను నమ్మి పదిమంది అన్నం ఆమె కేక మీద పెట్టిన రోజులవి, ఆ నమ్మకం ఎంత బరువో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కర్ర వంచేదాన్ని కాదా అని ఇన్నేళ్ళలో చాలాసార్లు అడుక్కున్నాను. వంచేదాన్నే. నన్ను నేను ఎరిగినంతలో అది నిజం. అది తెలిసినప్పటి నుంచి కర్ర కనిపిస్తే చేతులు వెనక్కి కట్టుకోవటం నేర్చుకున్నాను.

చావడిలో నా మాట విన్న నలభై ఒక్కరిలో కాలువ గట్టు మీద ఉన్నది పద్నాలుగు మందే. మిగిలిన ఇరవై ఏడుగురిలో తరవాత తొమ్మిది మందిని వెతికి చెప్పాను. ఆఖరాయన నడిగూడెంలో, మంచం మీద. ఆయనకు పుల్లమ్మే గుర్తులేదు, అయినా పూర్తిగా చెప్పి వచ్చాను. కొడుకులకు, కోడళ్ళకు చెప్పింది ఈ లెక్కలోకి రాదు.

పోయినవి ఇవి. పుల్లమ్మది ముప్పై గుంటల వరి, ఒక పంట, తరవాత ఊరు. సైదులుది నీరటి పని, ఎకరం మాన్యం, పదమూడు నెలలు ఊళ్ళో పేరు. తాతది ఒక మాట. నావి నూట పన్నెండు బడి రోజులు, రోజుకు తొమ్మిదివందల అరవై చొప్పున, లక్షా ఏడువేల ఐదువందల ఇరవై అడుగులు. నిజం చేరని మనుషులు పద్దెనిమిది మంది.